కోవిడ్ టీకా రెండో డోసుకు వెళ్లే ముందు ఒకసారి చూడండి

(2021 మేలో మన మాజీ సైనికుల గ్రూపులో పెట్టిన మెసేజ్ ఇది, ఇందులోని నియమాలు అప్పటివే.)

సోదరులందరికీ జై హింద్. కోవిషీల్డ్ టీకా రెండు డోసుల మధ్య ఎడం 2021 మే 13న పెంచారు, ఇప్పుడది 12–16 వారాలు. కొవాగ్జిన్ టీకా వేయించుకున్నవాళ్లకు మార్పు లేదు. ఇప్పటికే ఆన్‌లైన్లో స్లాట్ దొరికినవాళ్లు టెన్షన్ పడక్కర్లేదు, అది చెల్లుతుందని కేంద్రం చెప్పింది.

నేను మొదటి డోసు ప్రభుత్వ కేంద్రంలోనే వేయించుకున్నా. సూది నిమిషం పని, లైనే నరకం. పరేడ్ చేసిన కాళ్లే గానీ ఈ వయసుకు విశాఖ ఎండ వినదు కదా! నా ముందున్న హవల్దార్ సాబ్‌కి రిజిస్ట్రేషన్ బెంగళూరులో ఉన్న కొడుకు నంబరు మీద అయింది. ఫోన్ చెవికి ఆనించి "కోడ్ చెప్పరా, కోడ్" అంటూ అరుస్తూనే ఉన్నారు పాపం, అవతల కొడుకు మీటింగ్‌లో. స్లాట్ తీసుకున్నప్పుడు ఫోన్‌కి వచ్చే నాలుగంకెల కోడ్ కూడా ఇప్పుడు అడుగుతున్నారు, కాగితం మీద రాసుకుని వెళ్లండి. ఆధార్ లేకపోతే ఫొటో ఉన్న పెన్షన్ పత్రం చాలు. రక్తం పలచబడే మాత్రలు వాడేవాళ్లు సిస్టర్‌కి ముందే చెప్పాలి. తర్వాత అరగంట కూర్చోమంటే కూర్చోండి, మనకంత అర్జెంటు పనులేం లేవు.

మల్కాపురం, గాజువాక వైపు ఒంటరిగా ఉంటున్న మనవాళ్ల భార్యలు ఈ గ్రూపులో లేరు. దగ్గరున్నవాళ్లు ఒకసారి వెళ్లి చెప్పిరండి.