ఆ స్పీకర్ అయస్కాంతం దొరికింది రా

పరకాల,
ఆదివారం రాత్రి

అరేయ్ రమేశ్,

నీ ఉత్తరం వచ్చి రెండు నెలలు దాటింది. తప్పు నాదే, కోపం తెచ్చుకోకు. యాసంగి నాట్లు, బాపు కంటి ఆపరేషన్, మధ్యలో నా పరీక్ష. అన్నీ ఒకేసారి మీద పడ్డాయి. బాపు కన్ను బాగుంది. అమ్మ నిన్ను అడిగింది. చెల్లెకు హనుమకొండలో ఉద్యోగం దొరికింది. మిగతా ముచ్చట్లు తర్వాత రాస్తా, ముందు ఇది చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

మన బాయికాడ 5 హెచ్‌పీ మోటరు రెండేళ్లలో రెండుసార్లు కాలిపోయింది కదా. బోరులో నీళ్లు అడుగంటితే మోటరు ఖాళీగా తిరుగుతుంది. సబ్‌మెర్సిబుల్‌ను చల్లగా ఉంచేదే నీళ్లు, అవి లేకపోతే లోపలి రాగి తీగ చుట్ట, అదే వైండింగ్, మాడుతుంది. 24 గంటల కరెంటు వచ్చినప్పటి నుంచి రాత్రంతా నడుస్తుంటే చూసేవాళ్లు ఎవరు? బాపు అర్ధరాత్రి లేచి బ్యాటరీ లైటు పట్టుకుని పోతుంటే నాకు గుండె ఆగినంత పనయ్యేది. ఆ పొలం గట్టు మీద పాములు నీకు తెలుసు కదా, ఆ రోజు నువ్వు చెట్టెక్కింది మరిచిపోలేదు నేను.

ఖాళీగా తిరిగే మోటరు కరెంటు తక్కువ లాగుతుంది. కాబట్టి కరెంటును కొలిస్తే చాలు, నీళ్లున్నాయో లేవో తెలిసిపోతుంది. దానికోసం ఏసీఎస్712 అనే చిన్న హాల్ సెన్సార్ తెచ్చా, 20 ఆంపియర్లది. డిగ్రీలో మనం బట్టీ పట్టిన హాల్ ఎఫెక్టే! 1879లో ఎడ్విన్ హాల్ పల్చటి బంగారు రేకులో కరెంటు పంపి, అడ్డంగా అయస్కాంతం పెడితే, రేకు పక్క అంచుల మధ్య చిన్న వోల్టేజీ కనిపించింది. ఎలక్ట్రాన్‌ను కనిపెట్టింది ఆ తర్వాత 18 ఏళ్లకు. తలచుకుంటే ఒళ్లు పులకరిస్తుంది రా. ఈ చిప్పులోనూ జరిగేది అదే. మోటరు కరెంటు లోపలి రాగి దారిలో పోతుంటే దాని చుట్టూ పుట్టే అయస్కాంత క్షేత్రాన్ని పక్కనున్న హాల్ ముక్క పట్టుకుంటుంది. కరెంటు లేనప్పుడు బయటికి 2.5 వోల్టులు ఇస్తుంది. ఒక్కో ఆంపియరుకు 100 మిల్లీవోల్టులు అటో ఇటో జరుగుతుంది. ఆ వోల్టేజీని అంకెగా మార్చి చదివే చిన్న బోర్డు ఆర్డుయినో. అందులో కరెంటు లేనప్పుడు అది 512 దగ్గర నిలబడి, ఆంపియరుకు సుమారు 20 అంకెలు కదులుతుంది.

మెయిన్ తీసేసి, ఫ్యూజులు జేబులో వేసుకుని, మోటరుకు పోయే మూడు ఫేజు తీగల్లో ఒకదాన్ని ఆ సెన్సార్ గుండా పోనిచ్చా. ఆ సెన్సార్ బోర్డు స్క్రూల మీద 415 వోల్టుల లైను ఉంటుంది, నువ్వు చేసేదుంటే చెయ్యి పెట్టేముందు పదిసార్లు చూసుకో. ప్లాస్టిక్ డబ్బాలో బిగించి మోటరు వేశా. మన ఎలక్ట్రీషియన్ అన్న క్లాంప్ మీటర్, తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచేది, 7.1 ఆంపియర్లు చూపింది, నాది 7.1. ఎగిరి గంతేశా. మోటరు బంద్ చేస్తే నాది 0.6 దగ్గర ఆగింది. సున్నాకు దిగదు!

డబ్బా మూత తీశా, సున్నా అయ్యింది. మూత పెట్టా, మళ్లీ 0.6. నిజం, నమ్ము. తీగ లూజేమో అని అన్నీ బిగించా. చార్జర్ మార్చా. రాత్రి పదకొండయింది. అమ్మ అన్నం గిన్నె పంపింది, అది చల్లారిపోయింది. సెన్సార్ పాడైందేమోనని టెన్షన్. చివరికి లెక్కలు కట్టకుండా అసలు అంకెలే తెర మీద చూశా. 524 దగ్గర కదలకుండా నిలబడి ఉంది. ఏసీ కరెంటయితే 512కు అటూ ఇటూ ఊగాలి కదా! ఊగనిదేదో పక్కన ఉందన్నమాట. మూతను చేత్తో పట్టుకుని మెల్లగా దగ్గరికి తెచ్చా. 515... 519... 524.

మూతకు ఏముందో తెలుసా? డబ్బా గట్టిగా మూసుకోవాలని నేనే అంటించిన అయస్కాంతం. రెండో సంవత్సరంలో నువ్వు విప్పి పారేసిన రేడియో స్పీకర్‌లోది! ‘ఏదో ఒక రోజు పనికొస్తుంది’ అన్నావు చూడు...

మరి నడిచేటప్పుడు ఎందుకు తప్పు కనిపించలేదని నాకూ అనుమానం వచ్చింది. ఏసీ కరెంటును కొలతల వర్గాల సగటుకు వర్గమూలం తీసి లెక్కగడతాం కదా. 7.1 వర్గానికి 0.6 వర్గం కలిపి వర్గమూలం తీస్తే 7.13 అంతే. పెద్ద కరెంటులో ఆ దోషం దాక్కుంటుంది, బంద్ అయినప్పుడే బయటపడుతుంది. అయస్కాంతం తీసేశా. అంతటితో వదల్లేదు, 512ను సున్నాగా పెట్టుకోవడం మానేసి, పది సైకిళ్లు, అంటే 200 మిల్లీసెకన్ల కొలతల సగటునే సున్నాగా తీసుకుని అందులోంచి తీసివేస్తున్నా. ఏసీకి సగటు ఎలాగూ సున్నాయే కదా. ఇప్పుడు ఏ అయస్కాంతం తెచ్చినా లెక్క తప్పదు, మరీ దగ్గర పెడితే తప్ప.

ఇక మొన్న గురువారం. తెల్లవారుజామున మూడింటికి కరెంటు 7.1 నుంచి 4.6కు పడింది. పది సెకన్లు ఆగి, డబ్బాలోని రిలే, అంటే కరెంటుతో పనిచేసే స్విచ్, స్టార్టరును బంద్ చేసింది. పొద్దున బాపు పోయి చూస్తే మోటరు బంద్ అయి ఉంది. నా డబ్బాను చేత్తో నిమిరి, ‘నీళ్లు అయిపోయినయని దీనికెట్ల తెలిసింది బిడ్డా?’ అన్నడు. నేను చెప్పబోయి, గొంతు పట్టేసి చెప్పలేకపోయా. ఆ రాత్రి బాపు లేవలేదు రా. పొద్దెక్కిందాక పడుకున్నడు. ఎన్నేళ్లయిందో.

మిగతా రెండు ఫేజులకు కూడా పెట్టాలి, ఒక ఫేజు పోతే మిగిలిన రెండింటిలో కరెంటు పెరుగుతుంది, అది ఇంకా ప్రమాదం. దానికి నీ సాయం కావాలి, సంక్రాంతికి వస్తే... ఆ పెసరట్టు పందెం కూడా తీర్చాలి నువ్వు, లెక్క నా దగ్గరుంది.

అన్న బండి స్టార్ట్ చేసిండు, ఉత్తరం అతనికే ఇచ్చి పంపాలి. అయస్కాంతం నా దగ్గరే భద్రంగా

నీ
శీను