"మనం ఎందుకు కతోలికులం, సిస్టర్?"

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

పరీక్షల టైమ్‌టేబుల్, ఫీజు గడువు, బస్సుల మార్పులు చివరి పేజీలో ఇచ్చాం, దయచేసి చూసుకోండి. ఈ ఉత్తరంలో నేను వేరే సంగతి రాయాలనుకుంటున్నాను.

క్రిస్మస్ సెలవులు అయ్యాక ఒక శనివారం సత్యోపదేశం క్లాసులో ఏడో తరగతి అబ్బాయి లేచి, "మనం ఎందుకు కతోలికులం, సిస్టర్?" అని అడిగాడు. జ్ఞానస్నానం (బాప్తిస్మం) పొందాం కాబట్టి అని వెంటనే చెప్పేశాను. వాడు కూర్చున్నాడు. కూర్చుంటూ పక్కవాడితో, "ఎలా అయ్యామో చెప్పారు, ఎందుకో చెప్పలేదు" అన్నాడు. మెల్లగానే అన్నాడు గానీ నాకు వినబడింది. వాడన్నది నిజం. ఆ రాత్రి ప్రార్థనలో కూడా ఆ మాటే గుర్తొచ్చింది.

మరుసటి వారం పిల్లలకు ఒక పని చెప్పాను. ఈ విశ్వాసం మీ ఇంట్లోకి ఎవరి వల్ల వచ్చిందో అవ్వనో తాతనో అడిగి రమ్మన్నాను. ఎక్కువమంది ఒకే జవాబు తెచ్చారు: "మాది మొదట్నుంచీ అంతేనంట సిస్టర్." ఒక పాప మాత్రం వాళ్ళ ముత్తవ్వ జపమాల రుమాలులో చుట్టి తెచ్చింది. నల్లపూసల మధ్యలో ఒక పూస రాలిపోతే, ఆ చోట చింతగింజకు చిల్లు చేసి గుచ్చి, మిషన్ దారంతో ముడేశారు. వేళ్ళు తగిలి తగిలి ఆ గింజ అద్దంలా నున్నగా అయిపోయింది. ఆ ముత్తవ్వ ఎవరి మాట విని ప్రభువును నమ్మిందో, ఆ రోజుల్లో ఇంట్లోవాళ్ళు ఏమన్నారో ఇప్పుడు ఎవరికీ తెలియదట. జపమాల దాచుకున్నారు గానీ ఆమెను ఎవరూ అడగలేదు.

అందుకే ఈస్టరుకు ముందు వచ్చే ఈ తపస్సుకాలంలో ప్రతి శుక్రవారం సాయంత్రం సిలువమార్గం ప్రార్థన అయ్యాక ఒక గంటసేపు పిల్లలూ పెద్దలూ కలిసి కూర్చునే ఏర్పాటు చేశాం. వెతికి వెతికి విశ్వాసంలోకి వచ్చినవాళ్ళ కథలు చెప్పుకుందాం. అలా కొత్తగా వచ్చినవాళ్ళకు తొలి క్రైస్తవులు ఏం నేర్పేవారో చదువుకుందాం.

మొదటి రెండు వారాలూ పునీత (సెయింట్) అగస్టీను గారికే ఇచ్చాను. ఆయన 354లో ఉత్తర ఆఫ్రికాలో, ఇప్పటి అల్జీరియాలో ఉన్న తగాస్తే అనే ఊళ్ళో పుట్టారు. 'కన్ఫెషన్స్' అనే తన పుస్తకంలో పదహారో ఏట చేసిన ఒక దొంగతనం గురించి రాసుకున్నారు. రాత్రిపూట తోటి కుర్రాళ్ళతో వెళ్ళి ఎవరిదో బేరికాయల చెట్టు దులిపేశారు. ఆ కాయలు చూడ్డానికీ బాగాలేవు, రుచీ లేదు. మోసుకొచ్చి పందులకు వేశారు. ఆకలేసి చేయలేదు, చేయకూడని పని కాబట్టే చేశాం అంటారాయన.

ఇది తొమ్మిదో తరగతిలో చదివి వినిపించాను. క్లాసు కాసేపు చప్పుడు లేకుండా ఉండిపోయింది. తర్వాత వెనక బెంచీలోంచి ఒకడు, "మేము కూడా తోటలో బెంగళూరా మామిడికాయలు కోసినాం సిస్టర్. పుల్లగా ఉంటే కాలవలో పారేసినాం. గోడ దూకేదానికే పోయినాం" అన్నాడు. పదహారు వందల ఏళ్ళ కిందటి మాట మన చిత్తూరు పిల్లవాడికి ఎవరూ విడమర్చి చెప్పకుండానే అర్థమైంది. నేను వాణ్ణి కోప్పడలేదు. సోమవారం వాడూ, వాడితో పాటు వెళ్ళినవాడూ తోట యజమాని దగ్గరికి వెళ్ళి విషయం చెప్పి వచ్చారు. ఎవరూ పంపలేదు, వాళ్ళే వెళ్ళారు.

పెద్దవాళ్ళు తప్పక వినాల్సింది మోనికమ్మ కథ. కొడుకు అగస్టీను, వెలుగు చీకటి అనే రెండు శక్తుల పోరును నమ్మే మానికీయుల బోధలో పడి దాదాపు తొమ్మిదేళ్ళు అక్కడే ఉండిపోయాడు. ఆమె ఒక పీఠాధిపతి (బిషప్) దగ్గరికి వెళ్ళి, నా కొడుకుతో వాదించి వాణ్ణి మార్చండి అని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు. వాడిప్పుడు వినే స్థితిలో లేడమ్మా, వాడి కోసం ప్రార్థన మాత్రం చెయ్యి, చదువుతూ చదువుతూ తప్పేదో తనే తెలుసుకుంటాడు అన్నారు. ఆమె వదల్లేదు, ఏడుస్తూ అక్కడే నిలబడింది. చివరికి ఆయన కాస్త విసుగ్గానే, ఇన్ని కన్నీళ్ళ బిడ్డ నశించిపోవడం జరగదు, ఇక వెళ్ళు అని పంపించారు. కొన్నాళ్ళకు కొడుకు ఆమెకు అబద్ధం చెప్పి, ఆమె ప్రార్థనలో ఉండగా రాత్రికి రాత్రి ఓడెక్కి రోముకు వెళ్ళిపోయాడు. ఆమె సముద్రం దాటి మిలాను నగరం దాకా అతని వెనకే వెళ్ళింది.

బెంగళూరుకో చెన్నైకో చదువుకు పంపిన బిడ్డ, ఆదివారం పూజకు వెళ్ళానని ఫోన్‌లో చెప్తే నమ్మాలో వద్దో తెలియక నా గదిలో కూర్చుని కళ్ళు తుడుచుకున్న తల్లులు ఉన్నారు. వాళ్ళకు చెప్పడానికి నా దగ్గర మోనికమ్మ కంటే మంచి తోడు లేదు.

మిలానులో అక్కడి పీఠాధిపతి పునీత అంబ్రోసు గారి ప్రసంగాలకు అగస్టీను మొదట భాష బాగుందని వెళ్ళేవాడు. మెల్లమెల్లగా విషయం లోపలికి దిగింది. 386లో ఒక తోటలో ఏడుస్తూ ఉండగా పక్క ఇంట్లోంచి పసిగొంతు "తీసి చదువు, తీసి చదువు" అనడం వినబడి పౌలు గారి లేఖ తెరిచాడు. 387లో పాస్కా (ఈస్టరు) జాగరణ రాత్రి అంబ్రోసు గారి చేతుల మీదుగా జ్ఞానస్నానం పొందారు. మోనికమ్మ అది కళ్ళారా చూసి, ఆ ఏడాదే ఓస్తియా రేవులో కన్నుమూసింది.

ఇక్కడ ఒక తండ్రి అడిగిన ప్రశ్నకు జవాబు రాయాలి. ఆయన తిరుమల స్వామి భక్తులు, వాళ్ళ పాప మన బడిలో అయిదో తరగతి. "మతం మారినవాళ్ళ కథలంట కదా సిస్టర్, మా పాపకూ చెప్తారా?" అని నేరుగా వచ్చి అడిగారు. మనసులో పెట్టుకోకుండా వచ్చి అడిగినందుకు ఆయనకు ఇక్కడ మళ్ళీ కృతజ్ఞతలు చెప్తున్నాను. మీరు రాసి ఇస్తే తప్ప ఏ పిల్లవాడూ, ఏ పాపా ఈ శుక్రవారాలకు రారు. ఇది నేను దయతో పెట్టిన షరతు కాదు. ప్రభుత్వ గుర్తింపు ఉన్న బడిలో మైనరు పిల్లల్ని సంరక్షకుల అంగీకారం లేకుండా మతబోధకు కూర్చోబెట్టకూడదని రాజ్యాంగం 28వ అధికరణం చెబుతోంది. మా శ్రీసభ (కతోలిక సంఘం) కూడా ప్రపంచంలోని పీఠాధిపతులంతా కూడిన రెండో వాటికన్ మహాసభలో, 1965 డిసెంబరు 7న, విశ్వాసం విషయంలో ఎవరినీ బలవంతం చేయకూడదని అధికారికంగా ప్రకటించింది. కతోలిక కుటుంబాల పిల్లలకు కూడా ఈసారి అంగీకార పత్రం పెట్టాను. ఇంట్లో మాట్లాడుకుని పంపితేనే ఆ గంటకు విలువ.

తొలి క్రైస్తవులు తొందరపడినవాళ్ళు కారు. జ్ఞానస్నానం కావాలని వచ్చినవాళ్ళు మూడేళ్ళు వాక్యం వినాలని తొలి శతాబ్దాల నియమాల్లో ఉంది. ఆ తర్వాత కూడా బోధలో ఎంత కంఠస్థం వచ్చిందని అడిగి ఊరుకోలేదు. ఈ మూడేళ్ళలో విధవరాండ్రను గౌరవించాడా, రోగుల్ని చూడటానికి వెళ్ళాడా, మంచి పనులు చేశాడా అని అతన్ని ఎరిగినవాళ్ళను విచారించేవారు. మార్కుల టెన్షన్‌లో ఉండే మనం ఈ పరీక్ష గురించి ఒకసారి ఆలోచించాలి.

వాళ్ళకు ఏం నేర్పేవారో తెలిపే చిన్న పుస్తకం 'దిదాకే'. పదహారు చిన్న అధ్యాయాలు. శతాబ్దాలపాటు కనబడకుండా పోయి, 1873లో కాన్‌స్టాంటినోపుల్‌లో ఒక రాతప్రతిలో దొరికింది. "దారులు రెండే, ఒకటి జీవానికి, ఒకటి మరణానికి" అని మొదలవుతుంది. వెంటనే దేవుణ్ణి ప్రేమించు, పొరుగువాణ్ణి ప్రేమించు అంటుంది. రోజుకు మూడుసార్లు పరలోక జపం చెప్పమంటుంది, బుధ శుక్రవారాలు ఉపవాసం ఉండమంటుంది. శుక్రవారం మాంసం వండనివ్వని మన అవ్వలు ఎంత పాత దారిలో నడుస్తున్నారో చూడండి. సత్ప్రసాద ప్రార్థనలో, కొండల మీద చెదిరి ఉండి ఒక్కటిగా చేరిన ఈ రొట్టెలాగే నీ సభ నేల నాలుగు చెరగుల నుంచి కూడుకోవాలి అని ఉంది. నాకు ప్రాణమైన వాక్యం అది. 'కతోలిక' అంటే అందరిదీ, అంతటిదీ అని అర్థం. ఆ మాటను శ్రీసభకు వాడినట్టు మనకు మొదట కనబడేది 2వ శతాబ్దం తొలి రోజుల్లో, అంతియొకయ పీఠాధిపతి పునీత ఇగ్నాసి గారు బందీగా రోముకు వెళ్తూ రాసిన ఉత్తరంలో.

మూడో వారం పునీత జస్టిను గారిది. సత్యం కోసం ఒక గురువును వదిలి ఇంకో గురువును పట్టుకుంటూ తిరిగారు. ఒకాయన ముందు ఫీజు మాట్లాడమన్నాడు, ఇంకొకాయన ముందు సంగీతం, జ్యామితి నేర్చుకుని రమ్మన్నాడు. చివరికి సముద్రం ఒడ్డున ఎదురైన ఒక ముసలాయన ప్రవక్తల గురించి చెప్పాడు. దాదాపు 155లో రోమా చక్రవర్తికి రాసిన విన్నపంలో జస్టిను గారు ఆదివారం ఏం చేస్తామో వివరించారు: గ్రంథపఠనం, ప్రసంగం, లేచి ప్రార్థన, రొట్టె, ద్రాక్షరసం, ప్రజలందరి "ఆమెన్", రాలేనివాళ్ళకు పరిచారకుల చేత పంపడం, అనాథలకూ రోగులకూ ఖైదీలకూ చందా. మన విచారణ గుడిలో వచ్చే ఆదివారం పూజను ఆ వరస చేతిలో పట్టుకుని గమనించండి.

నాలుగో వారం మన దక్షిణాదివారే, పునీత దేవసహాయం పిళ్ళై గారు. తిరువాన్కూరు కొలువులో ఉద్యోగి, అసలు పేరు నీలకంఠ పిళ్ళై. కష్టాల్లో ఉన్నప్పుడు డచ్చి సేనాని డి లన్నాయ్ ఆయనకు బైబిల్లో ఎన్ని కష్టాలొచ్చినా దేవుణ్ణి వదలని యోబు కథ చెప్పాడు. 1745లో జ్ఞానస్నానం, 1749లో నిర్బంధం, 1752 జనవరి 14న కాల్చి చంపారు. 2022 మే 15న పునీతుల జాబితాలో చేరారు. భారతదేశంలో పుట్టిన గృహస్థుల్లో ఆ గౌరవం మొదట ఆయనకే. తర్వాతి వారం కార్డినల్ న్యూమన్ గారు, శ్రీసభ పితరుల్ని, అంటే తొలి శతాబ్దాల క్రైస్తవ గురువుల రచనల్ని, చదివి చదివి 1845లో కతోలిక సభలోకి వచ్చిన ఆక్స్‌ఫర్డు పండితుడు. పై తరగతులవారికి బాగుంటుంది.

ఈ ఏడు చంద్రగిరి కోటకు విహారయాత్ర అందరికీ ఉంది. 1598లో యేసు సభ (జెసూట్) గురువులు అక్కడి కొలువుకు వస్తే, తిరుమల స్వామికి పరమభక్తుడైన విజయనగర రాజు వేంకటపతిరాయలు వారిని ఆదరించారు. రాజమహల్ మెట్ల మీద కూర్చోబెట్టి ఆ సంగతి పిల్లలకు నేనే చెప్తాను.

అంగీకార పత్రం పిల్లల డైరీలో పెట్టాం, బుధవారం లోపల పంపండి. మీ ఇంటి కథ చెప్పగల పెద్దవాళ్ళు ఉంటే వెంట తీసుకురండి, మెట్లు ఎక్కలేనివాళ్ళ కోసం కింది హాల్లోనే కుర్చీలు వేయిస్తున్నాం. జపమాల తెచ్చిన పాప వాళ్ళ నాన్నను మళ్ళీ మళ్ళీ అడిగిందట. ముత్తవ్వ చెల్లెలు పలమనేరు దగ్గర పల్లెలో ఇంకా ఉన్నారని తెలిసింది. ఈ ఆదివారం పూజ అవగానే వాళ్ళు అక్కడికి వెళ్తున్నారు. చింతగింజ చూపించి అడుగుతానంది.

ప్రభువు ప్రేమలో,
మీ పిల్లల ప్రధానోపాధ్యాయురాలు
చిత్తూరు