టెస్టుకు ఒక ప్యాకింగ్, నడపడానికి ఇంకో ప్యాకింగా?

సంపాదకుల వారికి నమస్కారం.

మండపేట, రామచంద్రపురం వైపు ఉప్పుడు బియ్యం మిల్లుల్లో 34 ఏళ్లు బాయిలర్ ఫిట్టర్‌గా చేసి రిటైరయ్యాను. దాళ్వా (రబీ) ధాన్యం మిల్లులకు చేరకముందే బాయిలర్లు శుభ్రం చేసుకుని, కొత్తవి బిగించుకుని, హైడ్రో టెస్టులు (నీటి ప్రెషర్ పరీక్షలు) చేయించుకునే రోజులివి. అందుకే మిల్లు యజమానులకు, నా తర్వాత వచ్చిన కుర్ర ఫిట్టర్లకు ఆ టెస్టులో వేసే ప్యాకింగ్ (జాయింటు కారకుండా మధ్యలో వేసే గాస్కెట్) గురించి ఒక మాట చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

చదరపు సెంటీమీటరుకు పదిన్నర కేజీల ప్రెషర్ మీద నడవాల్సిన కొత్త బాయిలర్‌కు ఒకటిన్నర రెట్లు, అంటే 15.75 కేజీల ప్రెషర్ దాకా నీళ్లతో టెస్టు చేస్తారు. ఆ ప్రెషర్ దగ్గర ఆరంగుళాల ఫ్లాంజికి (పైపు చివర బోల్టులు బిగించే వెడల్పాటి అంచుకు) నోరు మూయడానికి బిగించిన డమ్మీ ప్లేటును నీళ్లు 3 టన్నులకు పైగా బలంతో తోస్తుంటాయి. ప్లేటును ఆపేవి బోల్టులు. నీటిని ఆపేది మాత్రం మధ్యలో ఉన్న ప్యాకింగ్ ఒక్కటే.

పన్నెండేళ్ల కిందట ఒక మిల్లులో కొత్త బాయిలర్ టెస్టు పెట్టుకున్నాం. మెయిన్ స్టీమ్ వాల్వుకు వేయాల్సిన ప్యాకింగ్ కాకినాడ నుంచి ఇంకా రాలేదు. "చన్నీళ్లే కదా బాబాయ్, ఏదో ఒకటి వేసి కానిచ్చేద్దాం" అన్నాడు నా దగ్గర పనిచేసే కుర్రాడు. నేనూ సరేనన్నాను. 5 మి.మీ. రబ్బరు షీటును ఫ్లాంజి మీద పరిచి, గుండు సుత్తితో అంచు వెంట కొట్టి ప్యాకింగ్ తీశాం. అతుక్కోకుండా గ్రీజు కూడా రాశాం. గేజీ ముల్లు 14 దాటేసరికి రెండు బోల్టుల మధ్య రబ్బరు నాలుకలా బయటికొచ్చింది. కుర్రాడు పానా తీసుకుని బిగించబోయాడు. వద్దురా అని నేను అరిచేలోపే రబ్బరు చిరిగి నీళ్లు దూకాయి. పానా ఎగిరి గోడకు తగిలింది. వాడి కుడిచేతి వేళ్లు రెండు ఇప్పటికీ సరిగా ముడుచుకోవు. ఆ ప్యాకింగ్‌కు సరేనన్నది నేనే. అది నన్ను వదల్లేదు.

తర్వాత కూర్చుని ఆలోచిస్తే మేం చేసిన తప్పులన్నీ ఒక్కొక్కటే కనపడ్డాయి. ప్యాకింగ్ మందం పెరిగేకొద్దీ దాన్ని బయటికి నెట్టడానికి నీటికి అంత చోటు దొరుకుతుంది. గ్రీజు రాస్తే ఫ్లాంజికీ ప్యాకింగ్‌కీ మధ్య పట్టే ఉండదు. ఇక ప్రెషర్ ఉండగా బోల్టు ముట్టుకోవడం అన్నిటికన్నా పెద్ద తప్పు. ముందు ప్రెషర్ దించాలి, ఆ తర్వాతే పానా పట్టాలి.

రబ్బరు ఊడకుండా నిలిచినా నేను ఒప్పుకోను. మెత్తటి రబ్బరు కొద్దిపాటి బిగింపుకే నీళ్లను ఆపేస్తుంది. ఫ్లాంజి కాస్త వంకరగా ఉన్నా, దాని ముఖం మీద గీతలు పడినా కప్పేస్తుంది. ఇన్‌స్పెక్టర్ చూసినప్పుడు జాయింటు పొడిగా ఉంటుంది. వారం తిరక్కుండా అదే చోట స్పైరల్ గాస్కెట్ (స్టీలు పట్టీని మెత్తటి పదార్థంతో కలిపి చుట్టగా చుట్టిన ప్యాకింగ్) వేసి 185 డిగ్రీల ఆవిరి వదులుతారు. డిజైన్ పుస్తకాల్లో మెత్తటి రబ్బరును ఫ్లాంజి ముఖానికి సరిగా అతుక్కునేలా కూర్చోబెట్టడానికి కావలసిన ఒత్తిడి సున్నా అని ఉంటుంది. స్టెయిన్‌లెస్ స్టీలు స్పైరల్‌కైతే చదరపు అంగుళానికి 10,000 పౌండ్లు. ఆ బోల్టులు అంత బిగింపు ఇస్తాయో లేదో టెస్టులో ఎవరు చూసినట్టు? బోల్టు జాయింట్ల మీద అమెరికా సంస్థ ఏఎస్‌ఎంఈ తెచ్చిన పీసీసీ-1 మార్గదర్శకాలు కూడా టెస్టు కోసం మారు ప్యాకింగ్ వాడొద్దనే అంటాయి.

బాయిలర్‌లోకి మనిషి దిగే మ్యాన్‌హోల్‌కైనా, మళ్లీ విప్పని ఏ ఫ్లాంజికైనా రేపు నడపబోయే ప్యాకింగ్‌తోనే టెస్టు చేయండి. టెస్టయ్యాక ఏ కారణంతో విప్పినా మళ్లీ కొత్తది వేయాలి. ఒకసారి నలిగిన స్పైరల్ తిరిగి లేవదు. తర్వాత ఎలాగూ పైపు కలపాల్సిన చోట డమ్మీ ప్లేటుకు వేరే ప్యాకింగ్ వేసుకోవచ్చు, కాదనను. అదైనా టెస్టు ప్రెషర్‌కు ఆగే పలుచని షీటు, సరైన సైజులో, ఒకే పొరగా ఉండాలి. పాత ముక్కలు రెండు అతికించి వేసిన వాళ్లనూ చూశాను.

స్పైరల్ కొనేటప్పుడు అంచు రంగు చూసుకోండి. పసుపు 304 రకం స్టీలుకు, ఆకుపచ్చ 316 ఎల్ రకానికి గుర్తు. బూడిద రంగు గీతలుంటే లోపల ఉన్నది గ్రాఫైట్, తెల్ల గీతలుంటే టెఫ్లాన్. పాత ఆస్‌బెస్టాస్ ప్యాకింగ్ గీకేటప్పుడు మాత్రం తడిపి గీకండి బాబూ. మా తరం వాళ్లం పొడిగా గీకి నోటితో ఊదేశాం. ఆ దుమ్ము క్యాన్సర్ తెస్తుందని మాకు చెప్పినవాళ్లు లేరు.

యజమానులు బాయిలర్‌కు ఆర్డరు పెట్టిన రోజే ప్రతి జాయింటుకు రెండేసి ప్యాకింగ్‌లు తెప్పించుకుంటే ఫిట్టరు ఆఖరి నిమిషంలో రబ్బరు షీటు వెతుక్కోడు. టెస్టు కాగితంలో ప్రెషర్, సమయంతో పాటు ఏ జాయింటుకు ఏ ప్యాకింగ్ వేశారో కూడా రాయించాలని అధికారులను కోరుతున్నాను.

దాళ్వా కోతలు దగ్గరపడ్డాయి. ఆలోపే ఈ ఉత్తరం అచ్చువేయగలరని ఆశిస్తున్నాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ బాయిలర్ ఫిట్టర్,
మండపేట