పోటీలో మార్కులు వేగానికేనా?

సంపాదకుల వారికి,

ప్రమాదకర రసాయనాల లీకులను అదుపు చేసే బృందాలకు జరిగిన నైపుణ్య పోటీల వార్తను మీ పత్రికలో చదివి సంతోషించాను. ప్రమాదం జరిగిన రోజున తప్ప ఎవరి కంటా పడని వీరి సాధనను నలుగురికీ తెలియజేయడం మంచి పని. అయితే అందరికంటే త్వరగా లీకును ఆపిన బృందానికే ప్రథమ బహుమతి ఇచ్చారని చదివినప్పుడు, రసాయన కర్మాగారంలో చాలాకాలం భద్రతా విభాగంలో పనిచేసినవాడిగా, ఈ లేఖ రాయక తప్పదనిపించింది.

వేగం అక్కర్లేదని నేను అనడం లేదు. వీపున మోసే సిలిండర్‌లో గాలి కొద్దిసేపటికే సరిపోతుంది. ఒళ్లంతా మూసే సూటులో ఉక్కకు ఊపిరాడనట్టుంటుంది. మందపాటి గ్లౌజులతో క్లోరిన్ సిలిండర్ వాల్వుకు మూత బిగించడం సాధన లేనిదే చేతకాదు. కానీ ఆ మూత దాకా వెళ్లే ముందు తేల్చుకోవలసినవి ఎన్నో ఉంటాయి. ట్యాంకర్ మీది నాలుగంకెల సంఖ్యను దూరం నుంచే బైనాక్యులర్స్‌తో చదవాలి: 1017 అయితే క్లోరిన్, 1005 అయితే అమోనియా. క్లోరిన్ గాలికంటే దాదాపు రెండున్నర రెట్లు బరువు కాబట్టి పల్లంలోకి పాకుతుంది. అమోనియా తేలికే అయినా, ద్రవరూపంలో పెద్దఎత్తున బయటపడితే చల్లని తెల్లటి పొగలా నేలబారుగానే సాగవచ్చు. గాలి ఎటు వీస్తోందో చూడకుండా అడుగు వేయకూడదు. ఇదంతా ఓపికగా చేసిన బృందం స్టాప్‌వాచ్ లెక్కలో వెనకబడిపోతుంది.

నేను చూసిన ఒక పోటీలో అందరికంటే ముందు మూత బిగించిన యువకుడు, సూటు మీద నీళ్లైనా పడకముందే మాస్కు లాగేశాడు. చూస్తున్నవారు చప్పట్లు కొట్టారు, ఒక్క మార్కూ తగ్గలేదు. అది నిజమైన లీకే అయితే సూటుకు అంటుకున్న రసాయనం నేరుగా అతని ఊపిరితిత్తుల్లోకి పోయేది. ఆ కుర్రవాడిని నేను తప్పుపట్టను. మనం దేనికి మార్కులు వేస్తే అదే వారికి అలవాటవుతుంది.

1973 జూలైలో అమెరికాలోని అరిజోనా రాష్ట్రం, కింగ్‌మన్ పట్టణంలో ప్రొపేన్ రైలు ట్యాంకు ఒకటి మంటల్లో చిక్కుకుంది. ద్రవం తగలని పైభాగపు లోహం మంట వేడికి బలహీనపడి ట్యాంకు పేలినప్పుడు, దాన్ని చల్లబరచాలని చేరువకు వెళ్లిన అగ్నిమాపక సిబ్బందిలో 11 మంది చనిపోయారు. వారికి ధైర్యం కొరవడలేదు, చురుకుదనమూ కొరవడలేదు. అందుకే ప్రతి పోటీలోనూ, లోపలికి వెళ్లకుండా జనాన్ని దూరంగా పంపించి తామూ వెనక్కి తగ్గడమే సరైన జవాబయ్యే పరీక్ష ఒకటైనా ఉండాలని, అలా తగ్గిన బృందానికి పూర్తి మార్కులు ఇవ్వాలని నిర్వాహకులను కోరుతున్నాను. సూటు కడిగి విప్పే దశకు విడిగా మార్కులు ఉండాలి.

ఇక, ఈ బృందాలకంటే ముందే అక్కడికి చేరేది సాధారణంగా పోలీసులు, అంబులెన్స్ సిబ్బందే. 1984 డిసెంబరులో భోపాల్ ఆసుపత్రులకు జనం పోటెత్తిన రాత్రి, వారు పీల్చినది ఏ వాయువో వైద్యులకే తెలియలేదు. కనుక పోలీసులను, అంబులెన్స్ సిబ్బందిని కూడా పోటీల్లో చేర్చి, ఆ నాలుగంకెలు చదివి సరైన సమాచారం అందించడం నేర్పించాలి. న్యాయనిర్ణేతలు గమనించిన లోపాలను, బృందాల పేర్లు లేకుండానైనా సరే, విజేతల జాబితాతో పాటు ప్రచురించేలా మీ పత్రిక చొరవ తీసుకోవాలని మనవి.

భవదీయుడు,
ఒక విశ్రాంత భద్రతా అధికారి