గ్రహాంతరవాసికి తెలుగు ఎవరు నేర్పారు?

సంపాదకునికి,

ఆదివారం అనుబంధంలో సైన్స్ ఫిక్షన్ కథలు వేస్తున్నారు, సంతోషం. ఒక్క ఫిర్యాదు ఉంది. నౌక దిగుతుంది, తలుపు తెరుచుకుంటుంది, బయటికొచ్చిన జీవి మెడలోని పెట్టె మీట నొక్కి "భూలోకవాసులారా!" అని పౌరాణిక నాటకం ఫక్కీలో మొదలెడుతుంది. అనువాద పెట్టె కథలో ఉండకూడదని కాదు. అది తెలుగు ఎలా నేర్చిందో కనీసం రచయితకైనా తెలిసి ఉండాలి. ఆ నేర్చుకోవడంలోనే కథంతా ఉంది, దాన్ని మీట కింద తొక్కేస్తున్నారు.

మన ఫోన్లలో అనువాదం చేసే యంత్రాలు ప్రధానంగా రెండు భాషల్లో ఒకే విషయం చెప్పే వాక్యాలను లక్షల్లో, కోట్లలో చూసి నేర్చాయి. అలాంటి జంట పాఠం లేకపోతే ఏమవుతుందో సింధు ముద్రలే సాక్ష్యం. ఒక్కో ముద్ర మీద సగటున అయిదారు గుర్తులకు మించవు, పక్కన తెలిసిన భాషలో రాత లేదు, అందుకే ఇప్పటికీ అందరూ ఒప్పుకున్న పఠనం లేదు. ఈజిప్టు రాతకు 1799లో రొసెట్టా శిల దొరికింది. దాని మీద గ్రీకు పాఠం కూడా ఉండబట్టే 1822లో ఫ్రెంచి పండితుడు షాంపోలియాన్ దారి కనిపెట్టగలిగాడు. అవన్నీ మనుషుల రాతలే. ఇక స్పెర్మ్ తిమింగలాల టకటక శబ్దాలు డొమినికా దీవి దగ్గర ఏళ్ల తరబడి రికార్డవుతున్నాయి. వాటిలో క్రమం ఉందని తేలింది, అర్థం మాత్రం చేతికి రాలేదు. ఒకే భూమ్మీద బతికే ప్రాణితోనే ఇలా ఉంటే, పెట్టె మీట నొక్కగానే పని జరిగిపోతుందంటే నమ్మేదెలా?

కథ మొదలెట్టే ముందు రచయిత తేల్చుకోవలసింది దూరం. అంగారకుడికి మాట చేరడానికి గ్రహాల స్థానాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. అక్కడివాళ్లతో సంభాషణ ఉండదు, ఉత్తరప్రత్యుత్తరాలే. మనకు అతి దగ్గరి నక్షత్రం ప్రాక్సిమా సెంటారీ 4.24 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. "ఏమన్నారు?" అని అడిగి జవాబు వినడానికి ఎనిమిదిన్నరేళ్లు కావాలి. అంత దూరంలో అడిగి నేర్చుకోవడం కుదరదు కనుక సందేశం తన పాఠం తానే చెప్పుకోవాలి.

అలా చేసిన ప్రయత్నాలు ఉన్నాయి. 1974 నవంబరు 16న అరెసిబో రేడియో టెలిస్కోపు నుంచి M13 నక్షత్ర గుచ్ఛం వైపు 1679 బిట్ల (సున్నా, ఒకటి గుర్తుల) సందేశం పంపారు. 1679ని 23, 73 అనే రెండు ప్రధాన సంఖ్యల లబ్ధంగా మాత్రమే రాయగలం. కాబట్టి అందుకున్నవాళ్లు 73 వరుసలు, 23 నిలువు గళ్లుగా పేరిస్తే బొమ్మ వస్తుంది, అటుదిటు పేరిస్తే గందరగోళం. మొదట 1 నుంచి 10 దాకా అంకెలు, ఆపైన హైడ్రోజన్, కార్బన్, నైట్రోజన్, ఆక్సిజన్, ఫాస్ఫరస్ పరమాణు సంఖ్యలు. డచ్ గణితవేత్త ఫ్రాయిడెంతాల్ 1960లోనే లింకోస్ అనే భాష కట్టి ఇంకా ముందుకు వెళ్లాడు. లెక్కలతో మొదలెట్టి, ఒకడు లెక్క అడగడం, ఇంకొకడు జవాబివ్వడం, మొదటివాడు మెచ్చుకోవడమో కాదనడమో చూపించే చిన్న సంభాషణలు రాశాడు. ప్రశ్న అంటే ఏమిటో, నిజమైనా పనికిరాని జవాబు అంటే ఏమిటో వాటి ద్వారా నేర్పవచ్చునని ఆయన లెక్క. మన కథకులకు ఇంతకన్నా మంచి నాటకం ఎక్కడ దొరుకుతుంది?

1977లో వోయేజర్ అంతరిక్ష నౌకల్లో పంపిన గ్రామఫోన్ రికార్డు సంగతి వేరు. అందులో 55 భాషల పలకరింపులున్నాయి, తెలుగు ఒకటి. మనం గర్వపడవలసిందే. అయితే దాని మూత మీద రికార్డును ఏ వేగంతో తిప్పాలో హైడ్రోజన్ పరమాణువు లెక్కన చెప్పారు, బొమ్మలు సరిగ్గా వచ్చాయో లేదో చూసుకోవడానికి ఒక వృత్తం గీశారు గానీ, ఆ తెలుగు వాక్యానికి అర్థం తెలుసుకునే దారి మాత్రం ఎక్కడా లేదు. "వాళ్లు వోయేజర్ విని తెలుగు నేర్చుకున్నారు" అని రాసే రచయితలు ఇది గమనించాలి. గొంతు మాత్రమే వెళ్లింది.

జీవి ఎదురుగా నిలబడి ఉంటే పద్ధతి మారుతుంది. ఏ మధ్యభాషా లేకుండా భాష నేర్చుకునే తీరును అమెరికా భాషావేత్త కెన్నెత్ పైక్ సభల్లో చేసి చూపించేవాడు. చేతిలో ఆకులు, పుల్లలు, రాళ్లు ఉంటాయి. ముందు ఒక ఆకు చూపించి అవతలివాళ్లు అన్నది రాసుకోవాలి. తర్వాత రెండు ఆకులు, ఒక రాయి, రెండు రాళ్లు, ఒక పెద్ద పుల్ల, ఒక చిన్న పుల్ల. ఒక్కో అడుగులో ఒక్కటే మారాలి, లేకపోతే ఏ శబ్దం దేనికో విడదీయలేరు. వస్తువులయ్యాక పనులు: రాయి పడేయడం, ఆకు పడేయడం, రాయి ఇవ్వడం, తీసుకోవడం. అప్పటికి వాక్యంలో కర్త, కర్మ, క్రియ ఏ వరుసలో ఉన్నాయో తెలుస్తుంది. స్టార్ ట్రెక్ సినిమాల్లోని గ్రహాంతరవాసుల కోసం క్లింగాన్ భాష కట్టిన మార్క్ ఒక్రాండ్ ఆ వరుసను కావాలనే కర్మ, క్రియ, కర్తగా పెట్టాడు, మనుషుల భాషల్లో అది చాలా అరుదు కాబట్టి.

తప్పులు ఎక్కడ వస్తాయో కూడా చెప్పాలి. ఆకు చూపిస్తే అవతలివాడు "పచ్చన" అనవచ్చు, "ఎండిపోయింది" అనవచ్చు, "నాకెందుకు?" అనవచ్చు. అసలు వేలు చూపడమంటే ఏమిటో ఆ జీవికి తెలియకపోవచ్చు. వేలు ఉన్న దిక్కు చూడకుండా వేలినే చూస్తే? ఇంకా చిక్కు "నేను", "నువ్వు". నేర్పేవాడు తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "నేను" అంటే, ఎదుటివాడు అది ఆయన పేరనుకుంటాడు. ఇద్దరు మనుషులు ఒకరితో ఒకరు మాట్లాడుతూ మాటలు మార్చుకోవడం అతడు చూస్తే తప్ప ఈ ముడి విడదు. అందుకే నేర్పడానికి ఒక్కరు చాలరు. మన కథల్లో శాస్త్రవేత్త ఎప్పుడూ ఒంటరిగానే ఎందుకు వెళ్తాడో నాకు అర్థం కాదు.

తెలుగులో రాసేవాళ్ల చేతిలో ఇంగ్లీషువాళ్లకు లేని సరుకు ఉంది, ఎవరూ వాడుకోవడం లేదు. "ఈ నీళ్లు మనవి", "ఈ నీళ్లు మావి" అన్నవాటి మధ్య తేడాను ఆ జీవి పట్టుకోలేకపోతే ఒప్పందం ఏమవుతుంది? మన వ్యాకరణం మహత్తు (మగవాళ్లు), అమహత్తు (మిగతావన్నీ) అని ప్రపంచాన్ని విడదీస్తుంది. వచ్చిన జీవిని కథకుడు "అది వచ్చింది" అంటాడా, "అతను వచ్చాడు" అంటాడా? పదో పేజీలో "అది" కాస్తా "అతను" అయితే, ఆ చోటే కథ మలుపు. ఎవరూ ఆలోచించకుండా మొదటి పేరాలోనే "వాడు" అని రాసేస్తున్నారు.

చివరగా శబ్దాలు. 2015లో బాహుబలిలో కాలకేయుల కోసం మదన్ కార్కి కిలికి భాష కట్టినప్పుడు దానికి పదజాలం, వ్యాకరణ సూత్రాలు ఏర్పరచాడు. అందుకే అది వినగానే భాషలా ఉంది. కథకు అంత అక్కర్లేదు. పది పన్నెండు హల్లులు ఎంచుకుని వాటికి కట్టుబడితే చాలు. ఆ జీవికి పెదవులు లేకపోతే ప, బ, మ పలకలేదు. "మనం" అనబోయి "ననన్" అంటుంది, "పాప" అనబోయి "తాత" అంటుంది. కథ పొడుగునా ఆ తప్పు ఒకే తీరుగా ఉండాలి. పాఠకుడు రెండో పేజీకల్లా దాని యాస పట్టేస్తాడు, ఆపైన వివరించనక్కర్లేదు. అయితే ఇక్కడ మీవైపు నుంచి చిన్న సాయం కావాలి. అలాంటి కథ వచ్చినప్పుడు ప్రూఫు చూసేవారికి ముందుగా ఒక మాట చెప్పండి. లేకపోతే ఆ "ననన్" అచ్చులో "మనం" అయిపోతుంది.

ఇట్లు,
ఒక భాషాశాస్త్ర అధ్యాపకుడు