పది దాటినా ఆగని డీజే

సంపాదకులకు,

మిర్యాలగూడలో మా ఇంటి వెనకే ఫంక్షన్ హాల్. మొన్న బరాత్ డీజేకు రాత్రి పదకొండున్నర దాకా కిటికీ అద్దాలు అదిరాయి. నాలుగేళ్ల మనవరాలు చెవులు మూసుకుని నా కొంగులో దూరింది. తెల్లారి ఏడింటికి స్కూల్ బస్సు; ఇడ్లీ ముక్క నోట్లో ఉండగానే కునికింది.

ఈ వయసు పిల్లలకు పగటి కునుకుతో కలిపి రోజుకు 10 నుంచి 13 గంటల నిద్ర కావాలి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట లౌడ్‌స్పీకర్లు వాడొద్దు. పోలీసులకు ఫోన్ చేస్తే ‘చూస్తాం’ అంటారు, అంతే.

తప్పంతా డీజేదే అనను. మా టీవీ కూడా పది దాకా మోగేది. ఇప్పుడు ఎనిమిదిన్నరకే కట్టేసి, లైటు తీసేసి కథ చెబుతున్నా. తొమ్మిదికల్లా పడుకుంటోంది, పెళ్లిళ్లు లేని రోజుల్లో. హాల్ బుక్ చేసేటప్పుడే పది గంటల షరతు రాయించుకునేలా పోలీసులు చూడాలి.

– ఒక నానమ్మ, మిర్యాలగూడ