కొల్లేటి పక్కన ఒక పర్యావరణ డిగ్రీ పెట్టండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ విద్యా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను ఏలూరు జిల్లాలో డిగ్రీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతాను. కొల్లేరుకు దగ్గర్లోని ఒక ప్రభుత్వ కాలేజీలో సైన్స్, ఆర్ట్స్, కామర్స్ కలిపి చెప్పే పర్యావరణ డిగ్రీ మొదలుపెట్టమని అడగడానికే ఈ లేఖ.

పర్యావరణం పేపర్ ఇప్పటికే ఉంది కదా అనొచ్చు. నిజమే, అన్ని స్థాయిల్లో తప్పనిసరిగా చెప్పాలని సుప్రీంకోర్టు 1991లోనే ఆదేశించింది. కానీ నేను చూసినంతవరకు అది ఎవరికి పీరియడ్ ఖాళీ ఉంటే వాళ్లకు అప్పజెప్పే పేపర్. కొల్లేటి లంకల నుంచి వచ్చే పిల్లలు కూడా ఓజోన్ పొర మీద రెండు పేజీలు రాస్తారు. కొల్లేటి నీటిని సముద్రానికి చేర్చే ఉప్పుటేరు గురించి వాళ్లను అడిగినవాళ్లే లేరు.

వాళ్ల ఇళ్ల దగ్గర జరిగేది చూడండి. మబ్బు పట్టిన రోజు మర్నాడు తెల్లవారుజామున చెరువులో చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తాయి. డీవో (నీటిలో కరిగిన ఆక్సిజన్) పడిపోయిందంటూ రైతులు ఏరేటర్లు ఆన్ చేయడానికి పరుగెత్తుతారు. పగలు ఆక్సిజన్ ఇచ్చిన నాచే రాత్రంతా దాన్ని వాడేసుకుంటుందని నా సబ్జెక్టు చెబుతుంది. వరి పొలం చెరువెందుకైందో మాత్రం చెప్పలేదు, దానికి ఎకనామిక్స్ కావాలి. 1999లో అభయారణ్యమై, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యమున్న చిత్తడి నేలగా రామ్‌సర్ గుర్తింపు కూడా పొందిన సరస్సులో అన్ని చేపల చెరువులు ఎలా ఉన్నాయి? 2006లో వాటి గట్లు కొట్టేసినప్పుడు ఎవరి పెట్టుబడి పోయింది, ఎవరి కూలి పోయింది? ఇది చట్టం, చరిత్ర, లంక గ్రామాల సొసైటీల లెక్కలు కలిపి చదివితే తప్ప అర్థం కాదు. 2024 సెప్టెంబరులో విజయవాడను ముంచిన బుడమేరు కూడా చివరికి చేరేది కొల్లేరుకే.

అయ్యా, ఉన్న లెక్చరర్ల మీదే ఈ కోర్సు కూడా వేస్తే మళ్లీ ఆ పాత పేపరే అవుతుంది. రెగ్యులర్ పోస్టులివ్వండి. ఒక సెమిస్టరైనా పూర్తిగా ఊళ్లలోనే నడవాలి: నీటి శాంపిళ్లు తీయాలి, పంచాయతీ రికార్డులు చదవాలి, వల లాగేవాళ్లతో కూర్చుని మాట్లాడాలి.

"దీనికి ఉద్యోగం వస్తుందా సార్?" అని తల్లిదండ్రులు మొదటే అడుగుతారు. అడగాలి కూడా, ఫీజు కోసం అప్పు చేసేది వాళ్లే. కాలుష్య నియంత్రణ మండలి, మత్స్య శాఖ, అటవీ శాఖ నోటిఫికేషన్లలో ఈ డిగ్రీని అర్హతగా చేరుస్తూ ముందు జీవో ఇవ్వండి. ఆ తర్వాతే అడ్మిషన్లు తెరవండి. సిలబస్ కమిటీలో ప్రొఫెసర్ల పక్కన ఒక ఆక్వా రైతుకూ, లంక గ్రామపు మత్స్యకార మహిళకూ చోటివ్వండి.

ఇట్లు,
ఏలూరు జిల్లా నుంచి ఒక డిగ్రీ లెక్చరర్